ఎర్ర హీల్స్ కొనిచ్చిన అమ్మ

ఈసారి మీకో అమ్మ కబురు చెప్పాలి. ఊరు షెఫీల్డ్, ఇంగ్లండ్‌లో ఉత్తరాన ఉంటుంది. మొగుడు ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఉన్నది ఒక్కడే కొడుకు. వాడికి పదహారేళ్ళు నిండిన రోజున ఓ పెట్టె తెచ్చి వాడి చేతిలో పెడుతుంది. వాడు మూత తీస్తాడు. లోపల ఎర్రగా ధగధగలాడుతూ హైహీల్స్ జోడు. కొడుకు పాదానికి సరిపడే సైజు చూసి మరీ కొన్నది. "నువ్వెలా ఉన్నా నా బిడ్డవేరా" అంటూ కన్నీళ్ళ డైలాగు ఏదో వస్తుందని మనం ఎదురుచూస్తాం. రాదు. వంటింట్లో నిలబడి, కొడుకు మొహం ఎలా వెలిగిందో చూసుకుని మురిసిపోతుంది, అంతే.

ఆ తల్లి పేరు మార్గరెట్ న్యూ, కొడుకు జేమీ న్యూ. 'ఎవ్రీబడీస్ టాకింగ్ అబౌట్ జేమీ' అనే సంగీత నాటకంలో పాత్రలు. 2017 ఫిబ్రవరిలో షెఫీల్డ్‌లోనే, క్రూసిబుల్ థియేటర్లో దీన్ని మొదటిసారి ఆడారు. మూడు వారాలు కూడా ఆడలేదు. ఆ కొద్దిరోజుల్లోనే నిర్మాత నికా బర్న్స్ కంట పడింది. అదే ఏడాది నవంబరుకల్లా లండన్‌లో షాఫ్ట్స్‌బరీ అవెన్యూ మీదున్న అపోలో థియేటర్‌కి చేరి, మధ్యలో కోవిడ్ మూసేసిన కాలం పోను, 2021 సెప్టెంబరు దాకా అక్కడే ఆడింది.

కథ చెప్పమంటే నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. జేమీ గే. స్కూలు చదువు ఆఖరికొచ్చింది. పెద్దయ్యాక డ్రాగ్ క్వీన్ కావాలని వాడి కోరిక. అంటే ఆడవేషం కట్టి, రంగూ పొడుగూ అన్నీ పెంచుకుని, పాటతోనూ మాటతోనూ జనాన్ని ఆడించే వేదిక కళ. స్కూల్లో మిస్ హెడ్జ్ అనే టీచరమ్మ, ముందుముందు ఏ ఉద్యోగాలు చేస్తారో తేల్చే క్లాసు తీసుకుంటూ ఉంటుంది. జేమీకి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పని నప్పుతుందని తేలుతుంది. ఆ క్లాసులో కూర్చునే వాడు కలలు కంటుంటాడు. చదువు ముగిశాక ప్రామ్ అని పెద్ద పార్టీ ఉంటుంది, మన ఫేర్‌వెల్ పార్టీల్లాంటిదే, కాకపోతే బట్టల హడావిడి ఎక్కువ. దానికి గౌను వేసుకుని వెళ్ళాలని జేమీ పంతం. వెళ్ళనిస్తారా లేదా అన్నదే కథ.

అయితే నన్ను పట్టేసింది ఆ కథ కాదు. ఈ నాటకం ఎక్కడ మొదలవుతుందో గమనించండి. గే పిల్లల మీద వచ్చిన కథల్లో చాలావాటికి ప్రాణమంతా ఒక్క ఘట్టంలో ఉంటుంది. పిల్లాడు గుండె చిక్కబట్టుకుని అమ్మానాన్నలకి నిజం చెప్పేస్తాడు, అమ్మ ఏడుస్తుంది, నాన్న కేకలేస్తాడు, చివరికి ఎవరో ఒకరు కరుగుతారు. ఇక్కడ తెర లేచేసరికే ఆ చెప్పడమంతా అయిపోయింది. అమ్మకి తెలుసు. అమ్మ స్నేహితురాలు రేకి తెలుసు. క్లాసంతటికీ తెలుసు. వాడికి దాచుకోవాల్సిన రహస్యమే లేదు. మరి నాటకానికి ఇంకేం మిగిలింది? మిగిలిందంతా అసలు బతుకేనండీ. చెప్పేసిన మర్నాడు కూడా లేచి స్కూలుకి వెళ్ళాలి కదా. మొహం చాటేసిన నాన్న మొహం చాటేసినట్టే ఉంటాడు కదా. నిజం చెప్పేసినంత మాత్రాన పిల్లాడు పెద్దవాడైపోడు కదా. ఇది పట్టుకోవడంలోనే ఈ నాటకం రాసినవాళ్ళ గొప్పతనం కనిపించింది నాకు.

దీని వెనక నిజంగానే ఒక అబ్బాయి ఉన్నాడు. జేమీ కాంప్‌బెల్. ఇంకాస్త ఉత్తరాన, డర్హమ్ కౌంటీలో బిషప్ ఆక్లండ్ అనే చిన్న ఊరు. పదహారేళ్ళప్పుడు ప్రామ్‌కి గౌనులో వెళ్ళాలనుకున్నాడు. భయం లేక కాదు. పక్కన కెమెరాలుంటే కాస్త రక్షణ ఉంటుందని డాక్యుమెంటరీలు తీసేవాళ్ళకి తానే రాశాడు. ఆ వయసులో అంత ఆలోచన! అలా 2011లో బీబీసీ త్రీలో వచ్చింది 'జేమీ: డ్రాగ్ క్వీన్ ఎట్ సిక్స్‌టీన్'. అందులో వాళ్ళమ్మ కూడా ఉంది. ఆవిడ పేరూ మార్గరెట్టే. నాటకం వాళ్ళు ఇంటిపేరు మార్చారుగానీ ఆ పేరు మాత్రం అలాగే ఉంచారు.

ఆ డాక్యుమెంటరీ చూసినవాళ్ళలో జొనాథన్ బటరెల్ అనే దర్శకుడు ఒకడు. పుట్టి పెరిగింది షెఫీల్డ్‌లో, పనిచేసింది న్యూయార్క్‌లో. ఇది పాటలతో చెప్పాల్సిన కథ అనిపించింది ఆయనకి. గాయకుడు మైకేల్ బాల్ ఆయన్ని ఇద్దరికి పరిచయం చేశాడు. ఒకరు ది ఫీలింగ్ బ్యాండులో పాడే డాన్ గిలెస్పీ సెల్స్, రెండోవారు టీవీకి కథలు రాసే టామ్ మాక్రే. ఇద్దరికీ సంగీత నాటకం రాయడం అదే మొదలు. సంగీతం డాన్, మాటలూ పాటలూ టామ్. కథని డర్హమ్ నుంచి షెఫీల్డ్‌కి, బటరెల్ సొంత ఊరికి, తెచ్చి పెట్టుకున్నారు.

      

డర్హమ్ అన్నాను కదా, ఆ పేరు వినగానే 'బిల్లీ ఎలియట్' తలుచుకోకుండా ఉండలేను. 1984 బొగ్గుగని సమ్మె రోజుల్లో బాలే నేర్చుకుంటానన్న కుర్రాడి కథ. 2000లో సినిమా, 2005లో లండన్‌లో సంగీత నాటకం, ఎల్టన్ జాన్ సంగీతం. కథ నడిచేది ఆ డర్హమ్ కౌంటీలోనే. అందులో బిల్లీకి మైకేల్ అని స్నేహితుడు ఉంటాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆడవాళ్ళ గౌను తొడుక్కుంటాడు, బిల్లీ అంటే వాడికి ఇష్టం. ఎంత ముద్దొచ్చే పాత్రో! కానీ ఆ పిల్లాడికి కథలో దొరికింది ఒక మూల. బిల్లీ లండన్ వెళ్ళిపోతాడు, మైకేల్ ఊళ్ళోనే ఉండిపోతాడు. వాడు పెద్దయ్యేలోపు ఏం పడ్డాడో మనకి ఎవరూ చెప్పలేదు. 2016లో లండన్‌లో 'బిల్లీ ఎలియట్' ఆగిపోయింది. మరుసటి ఏడాదే 'జేమీ' మొదలైంది. మూలన నిలబడ్డ మైకేల్ నడిచొచ్చి వేదిక మధ్యలో నిలబడ్డట్టే అనిపించింది నాకు. ఇంకోటి కూడా వినండి. చిన్నప్పుడు బిల్లీ పాత్ర వేసిన లేటన్ విలియమ్స్, 2019లో, మొదటి జేమీ జాన్ మెక్రే తర్వాత, అపోలోలో జేమీ వేషం కట్టాడు.

సరే, మళ్ళీ మార్గరెట్ దగ్గరికి వద్దాం. ఆమె చేసే పని ఒకటుంది, హీల్స్ కొనివ్వడం కంటే పెద్దది. అబద్ధం ఆడుతుంది. జేమీ చిన్నప్పుడు ఆడబట్టలు వేసుకుని ఆడుకుంటుంటే వాళ్ళ నాన్న చూసి అసహ్యంగా ఒక మాట అంటాడు. ఆ మాట వాడి బుర్రలో గోడై నిలబడిపోయిందని మొదటి భాగంలో ఒక పాటే ఉంది. తండ్రి కొడుకుని తలుచుకోడు, పలకరించడు. మార్గరెట్ ఏం చేస్తుందంటే, పుట్టినరోజుకి తనే గ్రీటింగు కార్డు కొని, తనే రాసి, "నాన్న పంపాడు" అని ఇస్తుంది. జేమీ మొదటిసారి వేదిక ఎక్కే రోజున పువ్వులు కూడా అలాగే తెప్పిస్తుంది. వాడు ఆ పువ్వుల్ని చూసుకుని, నాన్నకి నా మీద ప్రేముంది అనుకుంటాడు.

ఇలాంటి తల్లులు మనకి తెలియనివాళ్ళా? "నాన్న నీ గురించి అడిగారురా" అని అడగని నాన్న తరఫున చెప్పిన అమ్మలు ఎందరో. ఇంటి గుట్టు కాపాడుతున్నామనుకుంటారు, పిల్లాడి గుండె కాపాడుతున్నామనుకుంటారు. ఒకరోజు నిజం బయటపడుతుంది. జేమీ తండ్రిని వదిలేసి తల్లి మీద పడతాడు. నోటికొచ్చినట్టు మాట్లాడి ఇంట్లోంచి వెళ్ళిపోతాడు. చూస్తుంటే మనకి కోపం వస్తుంది, వీడికి ఇంతమంచి అమ్మ ఎందుకు అనిపిస్తుంది. పదహారేళ్ళవాడు అలాగే ఉంటాడు. చేతికి అందేది అమ్మే కాబట్టి దెబ్బ అమ్మకే తగులుతుంది.

అప్పుడు వస్తుంది మార్గరెట్ పాట, 'హీజ్ మై బాయ్'. షెఫీల్డ్‌లోనూ లండన్‌లోనూ మొదట పాడింది జోసీ వాకర్. ఆ పాటని నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ ఒకచోట ఆగిపోతాను. అందులో త్యాగం చేసిన తల్లి గర్వం ఉండదు. విసిగిపోయిన తల్లి ఉంటుంది. వీడు నన్ను ఎంత ఏడిపిస్తాడో, ఎంత నిర్లక్ష్యం చేస్తాడో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోతుంది. చెప్పుకుంటూ పోయేకొద్దీ గొంతు పైకి లేస్తుంది. పైకి లేచిన ఆ గొంతులో ఫిర్యాదు ఎక్కడ ఆగిందో, ప్రేమ ఎక్కడ మొదలైందో తెలియదు. జోసీ వాకర్ ఆ పాటని అందంగా పాడాలని చూడదు. రోజంతా పనిచేసి ఇంటికొచ్చిన ఆడమనిషి గొంతు అది. పాటంతటిలోనూ ఆమెకి కొడుకు గే కావడం ఒక సమస్యగా ఒక్కసారి కూడా రాదు. ఏ కొడుకు గురించి ఏ తల్లయినా పాడగల పాట అది, ఒక్క మాట కూడా మార్చక్కర్లేదు.

ఈ పాటకి బాణీ కట్టిన డాన్ గిలెస్పీ సెల్స్‌ని పెంచింది ఇద్దరు అమ్మలు. ఆడవాళ్ళిద్దరూ జంటగా కలిసి బతుకుతూ పెంచారు. ఆయన పుట్టింది 1978లో. ఆయనకి పదేళ్ళు నిండకముందే, 1988లో, బ్రిటన్‌లో సెక్షన్ 28 అనే చట్టం వచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమని ప్రోత్సహించకూడదని, అలాంటి ఇల్లు కూడా ఒక కుటుంబమేనని బళ్ళో చెప్పనివ్వకూడదని దాని సారం. ఆ కుటుంబాలు ఉత్తుత్తి కుటుంబాలని చట్టంలోనే రాశారు. టీచర్లు నోళ్ళు కుట్టేసుకున్నారు. గే పిల్లాణ్ణి తోటిపిల్లలు ఏడిపిస్తుంటే, అడ్డుపడితే ఉద్యోగానికి ఏమొస్తుందో అని చూసీచూడనట్టు ఊరుకున్నవాళ్ళున్నారు. స్కాట్లండ్‌లో 2000లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003లో గానీ అది రద్దు కాలేదు. ఇద్దరమ్మల దగ్గర ముద్దుగా పెరుగుతూ, మీది అసలు కుటుంబమే కాదని చట్టం చేత అనిపించుకున్న పిల్లాడు పెద్దవాడై అమ్మ కోసం ఇలాంటి బాణీ కట్టాడని తెలిశాక నాకు ఆ పాట ఇంకా దగ్గరైంది.

నాటకంలో హ్యూగో అని ఒక పెద్దాయన ఉంటాడు, డ్రాగ్ వేషాలకి బట్టలమ్మే కొట్టు నడుపుతాడు. ఒకప్పుడు లోకో షనెల్ అనే పేరుతో వేదికలు ఏలినవాడు. జేమీకి గురువు ఆయనే. 2021లో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన సినిమాలో ఈ పాత్ర రిచర్డ్ ఇ. గ్రాంట్ వేశాడు. సినిమాలో ఆయన పాత వీడియో టేపులు చూపిస్తూ, ఎయిడ్స్‌తో స్నేహితులు రాలిపోతున్న రోజుల్లో ఊరేగింపులు చేసిన తరాన్ని తలుచుకుంటాడు. నాటకంలోని పాట తీసేసి దీనికోసం కొత్త పాట కట్టారు. నాకు సినిమాలో చేసిన మార్పుల్లో ఇదొక్కటే నాటకం కంటే బాగుందనిపించింది. జేమీ హాయిగా హీల్స్ వేసుకుని నడుస్తున్న దారి ఎవరు వేశారో వాడికీ తెలియాలి, చూసేవాళ్ళకీ తెలియాలి.

'జేమీ' అపోలోలో ఆడుతుండగానే, 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ పెద్దవాళ్ళ మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. అది నేరమన్న 377 సెక్షన్ రాసి మన నెత్తిన పెట్టింది కూడా ఆ బ్రిటిష్ పాలకులే.

ఆడవేషం అన్న మాట వస్తే మనవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా, చింతామణిగా వేదిక మీదికొస్తే ఆడవాళ్ళే ఆయన నడక చూసి చీరకట్టు నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో అయితే అక్కడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం చూసినవాళ్ళు జడ విసిరే ఆ ఠీవిని ఇప్పటికీ మురిపెంగా చెప్తారు. కొడుక్కి జడ వేసి, పువ్వులు పెట్టి వేదిక మీదికి పంపిన ఇళ్ళు మనవి.

కానీ ఆ జడ గ్రీన్‌రూములో విప్పేయాలి. మన ఒప్పందం అది. వేషమంటే దండం పెడతాం. అదే పిల్లాడు వీధిలోకి ఆ నడకతో వస్తే మొహం తిప్పుకుంటాం, ఇంకా మాట్లాడితే ఏదో ఒక పేరు పెట్టి పిలుస్తాం. జేమీ నాటకం సరిగ్గా ఈ గీత మీదే నిలబడుతుంది. మొదటి భాగమంతా వాడు మిమీ మీ అనే డ్రాగ్ పాత్రని తయారుచేసుకుంటాడు. విగ్గు, మేకప్, గౌను, పేరు అన్నీ దొరుకుతాయి, వేదిక మీద చప్పట్లు కూడా పడతాయి. అక్కడితో అయిపోతే అది వేషం గెలిచిన కథ. ప్రామ్ రోజున మాత్రం వాడు మిమీ మీలా రాడు. విగ్గు ఉండదు. తెల్లటి మామూలు గౌను, సొంత జుట్టు. వాడు జేమీలాగే వస్తాడు. మిస్ హెడ్జ్ గుమ్మం దగ్గరే ఆపుతుంది. వేదిక మీద వేషానికి అడ్డుచెప్పనివాళ్ళు కూడా ఇక్కడ అడ్డుపడతారు, ఎందుకంటే ఇది వేషం కాదు. తోటిపిల్లలంతా వాడి పక్షాన నిలబడితే గానీ లోపలికి పోనివ్వరు.

అయితే పిల్లలంతా ఒక్కసారిగా అలా ఒక్కటైపోవడం నాకు కొంచెం తొందరగా జరిగినట్టుంది. ఏళ్ళ తరబడి ఏడిపించిన డీన్ పాక్స్‌టన్‌కి జేమీ చెయ్యి అందించడం బాగుంది గానీ, ఆ డీన్ ఎందుకలా తయారయ్యాడో ఒక్క సీను కూడా రాయలేదు. తండ్రిని కూడా ఒకే రంగుతో గీశారు. మార్గరెట్‌ని అంత లోతుగా చూసినవాళ్ళు ఆయన్ని కూడా ఒక్క నిమిషం చూసి ఉండాల్సింది.

ప్రీతీ పాషా గురించి చెప్పకుండా ముగిస్తే నాకే బాగుండదు. జేమీ ప్రాణస్నేహితురాలు, హిజాబ్ కట్టుకునే ముస్లిం అమ్మాయి, డాక్టరు కావాలని పుస్తకాల్లో తల దూర్చి ఉంటుంది. ఆ క్లాసులో ఆమె కూడా జేమీ అంత వేరుగానే ఉంటుంది. కాకపోతే ఆమెకి వెలుగులో నిలబడాలని ఉండదు. జేమీ తన గోలలో పడి ఆమెని ఏ రోజూ ఏమీ అడగడు. అయినా వాడి మనసు విరిగిన రోజున వచ్చి పక్కన కూర్చుని, నీ పేరుకే అందం అని అర్థమంటూ నెమ్మదిగా పాడేది ఆమే. వేదిక మీద ఎర్ర హీల్స్ కంటే, తలకి కట్టుకున్న ఆ గుడ్డతో ఆమె నిలబడ్డ తీరులో ఎక్కువ ధైర్యం కనిపించింది నాకు. జేమీ ఎప్పుడు పెద్దవాడయ్యాడని అడిగితే ప్రామ్ రోజున అనను. అమ్మ ముందుకొచ్చి తలవంచుకున్నప్పుడు అంటాను. ఆ ఇద్దరూ కలిసి పాడే 'మై మాన్, యువర్ బాయ్' దగ్గర వాడు మొదటిసారి తనని కాకుండా ఎదుటి మనిషిని చూస్తాడు.

2018 ఒలివియర్ అవార్డుల్లో దీనికి ఐదు నామినేషన్లు వచ్చాయి, అవార్డు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ ఏడు 'హామిల్టన్' ఊడ్చుకుపోయింది. దాంతో జేమీకి పోయిందేమీ లేదు. 2020లో సియోల్‌లో కొరియన్ భాషలో ఆడారు, 2021లో టోక్యోలో జపనీస్‌లో ఆడారు. నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట మనకంటే ఆ ఊళ్ళలో తక్కువ బరువేమీ కాదు. అక్కడి అమ్మలూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి మార్గరెట్‌ని చూసి వచ్చారు.

మీరు చూడాలనుకుంటే ముందు నాటకం పాటల ఆల్బమ్ తెచ్చుకుని జోసీ వాకర్ గొంతు వినండి. తర్వాత సినిమా పెట్టండి. అందులో మాక్స్ హార్‌వుడ్ జేమీ, సారా లాంకషైర్ మార్గరెట్. ఆవిడా బాగా పాడింది, కానీ ఆ పాట నాకు జోసీ గొంతులోనే నిలిచిపోయింది. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే లేచి వెళ్ళమనకండి, పక్కనే కూర్చోనివ్వండి. వాళ్ళకి అందరికంటే ప్రీతీయే నచ్చుతుందని నా అంచనా. కాదు మార్గరెట్ అంటే మాత్రం ఎందుకో అడిగి, నాకో ఉత్తరం రాయండి.